తిప్పి చూడని కార్డు

పుస్తకాలకు అట్టలు కట్టే ఆయన్ని వీధంతా ఇంజన్ల మామయ్య అనేది. ఆవిరి ఇంజన్ల బొమ్మలున్న పాత పోస్టుకార్డు ఎక్కడ కనబడినా ఆయనకు కాళ్లు నిలవవు. అందులోనూ వింత బళ్లంటేనే ప్రేమ. పళ్ల చక్రంతో కొండలెక్కేవి, పొయ్యి లేకుండా బయటి నుంచి ఆవిరి నింపుకుని నడిచేవి, ఒంటి పట్టా మీద పరుగెత్తేవి. అన్నిటినీ ఆల్బంలో అతికించేశాడు. అలా అతికించకూడదని తెలిసినవాళ్లు చెబితే, "నా జిగురుకేం, ఉడుంపట్టు!" అనేవాడు. పనివాడి గర్వం, అంతే.

మొదటి పేజీలోది భార్య పంపిన కార్డు. సంబంధం కుదిరిన రోజుల్లో, పెళ్లికొడుక్కి రైళ్ల పిచ్చని విని ఎక్కడో వెతికి పంపింది. రెండు కొసలా రెండు పొగగొట్టాలు, నడుమ డ్రైవరు, ఎటు ముందో తెలియని జంట ఇంజను. చూసి ఒళ్లు మరిచి, వెనక్కి తిప్పకుండానే జిగురు పూసేశాడు. పెళ్లయ్యాక ఆవిడ "చదివారా?" అంటే, "ఆ, ఎంత బాగుందో!" అన్నాడు. ఆవిడ నలభై ఏళ్లు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మొన్న ఆవిడ కళ్లకు ఆపరేషనైంది. కట్టుతో మంచం మీద కూర్చుని ఏమీ తోచక, "ఏమండీ, నా కార్డు ఒకసారి చదివి వినిపించండి" అంది.

ఆయన ఏదో ఒకటి కల్పించి చదివేద్దామనుకున్నాడు. కళ్లకు కట్టున్న మనిషి ముందు నోరు రాలేదు.

"చదవలేదే. అప్పుడే అతికించేశాను."

"పోనీలెండి" అంది. ఆ ఒక్క మాటే ఆయన తట్టుకోలేకపోయాడు.

వంటింట్లో నీళ్లు మరిగించి, ఆ పేజీకి ఆవిరి పట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఆయనకు నిజంగానే వేళ్లు కాలాయి. బొమ్మ ఉబ్బింది. ఒక పొగగొట్టం ఊడి వేలికి అంటుకుంది. ఇంకెప్పుడైనా అయితే గుండె ఆగేది. ఇప్పుడు దాన్ని లుంగీకి తుడిచేశాడు. చివరికి కార్డు ఊడొచ్చింది; పెన్సిలు రాత కావడంతో వెనక అక్షరాలు మిగిలాయి. మంచం పక్కన కూర్చుని చదివాడు.

"ఈ ఇంజనుకు వెనకవైపు లేదట. కార్డుకు ఉంది కాబట్టి రాస్తున్నాను. మిమ్మల్ని చూశాక నాకు భయం పోయింది. మీకు నేను నచ్చానా? పెద్దవాళ్లకు కాదు, నాకు చెప్పండి."

ఈ జవాబు కోసమే ఇన్నేళ్లూ అడక్కుండా ఎదురుచూసిందా ఈ పిచ్చిది!

"నచ్చావే" అన్నాడు. "చాలా నచ్చావు."

"మీ బళ్లు ఎప్పుడూ ఆలస్యమే" అని నవ్వి, ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. "ఇంక ఏం మాట్లాడకండి. కట్టు తడవకూడదన్నాడు డాక్టరు."