అందరి పేర్లూ పిలిచిన గొంతు

వేసవి సెలవుల్లో వనపర్తి దగ్గర మా చర్చి సంఘాల పిల్లలకు యూత్ క్యాంపు పెట్టారు. వారమంతా ఆటో నడుపుకునే నేను క్యాంపులో మాత్రం ప్రసంగీకుణ్ణి. రెండో రోజు పొద్దున ప్రార్థన మొదలుపెట్టబోతే నోట్లోంచి గాలి తప్ప శబ్దం రాలేదు. దగ్గి, నీళ్లు తాగి మళ్లీ ప్రయత్నిస్తే బొంగురుగా వచ్చింది. నొప్పి లేదు. ఉంటే బాగుండేది, భయపడేవాణ్ణి.

మాలో ఒక అలవాటుంది. ప్రసంగీకుడి గొంతు పోయిందంటే దేవుని వాక్యం గట్టిగా చెప్పాడని లెక్క. గొంతు బాగుంటేనే అనుమానిస్తారు. మా పాస్టరయ్య నా భుజం తట్టి, "గొంతు పోయేదాంక చెప్పిండు మా అన్న" అని అందరి ముందూ అన్నాడు. నేను పొంగిపోయాను. మిరియాల కషాయం, తేనె, శొంఠి, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చిచ్చారు. దవాఖానకు పొమ్మన్నది నా భార్య సారమ్మ ఒక్కతే.

వానాకాలం వచ్చినా గొంతు తేరుకోలేదు. జొన్నరొట్టె ముక్క అడ్డం పడేది. కుడి చెవిలో పోటు. మా వీధి ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్స్ మింగుతూ కూర్చున్నాను. చివరికి సారమ్మ పోరు పడలేక మహబూబ్‌నగర్‌లో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన ముక్కులోంచి సన్నటి స్కోపు దింపి చూసి, పొగ తాగుతావా అని అడిగాడు. వలస పనులకు పోయిన కాలంలో బీడీలు కాల్చేవాణ్ణనీ, మానేసి ఏళ్లయిందనీ చెప్పాను.

"మానేసింది మంచిదే. కానీ గొంతు మర్చిపోదు," అన్నాడు.

బయాప్సీ, సీటీ స్కాన్ అయ్యాక హైదరాబాద్ పంపారు. అక్కడి క్యాన్సర్ దవాఖానలో డాక్టరమ్మ ఫిల్ములు చూసి, ముందే వచ్చుంటే రేడియేషన్‌తో గొంతు నిలిచేదేమో, ఇప్పుడు క్యాన్సర్ గొంతు చుట్టూ ఉండే మెత్తటి ఎముకలోకి, కార్టిలేజ్‌లోకి, పాకిందని చెప్పింది. "వాయిస్ బాక్స్ మొత్తం తీసేయాలి. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు." సారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సర్జరీ ఎప్పుడని మాత్రం అడిగాను. వాళ్లిచ్చిన తేదీకన్నా ముందు, దసరా సెలవుల్లో, బిజినేపల్లి క్యాంపు ఉంది.

డాక్టరమ్మ వద్దనే అంది. ఊపిరి ఏ మాత్రం ఇబ్బందైనా పరుగెత్తుకు రమ్మంది. ఇంటికొచ్చిన మూడో రోజు సారమ్మ అడిగింది.

"లోకమంత పంచిపెడ్తవు. గా ఉన్న గొంతు జర మాకు మిగిల్చరాదా?"

పోతున్నది నా గొంతు, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టుకోవాలో నాకు తెల్వదా అని కసిరాను. పోయాను.

మా క్యాంపుల్లో ఆఖరి సాయంత్రం ప్రసంగీకుడు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి, పేరు పెట్టి ప్రార్థన చేస్తాడు. పాన్‌గల్ పిల్లలు, గోపాల్‌పేట పిల్లలు, ఎవరికీ నా సంగతి తెలియదు. అందరి పేర్లూ పిలిచాను. మా బిడ్డ షారోను తొమ్మిదో తరగతి. ఇంటి పిల్లే కదా అని వరుసలో చివర నిలబెట్టాను. తన దగ్గరికి వచ్చేసరికి పెదవులు కదిలాయి గానీ శబ్దం లేదు. ఇంటికి పోయి తీరిగ్గా పిలుచుకోవచ్చులే అనుకున్నాను.

తెల్లారేసరికి ఊపిరి ఈల వేస్తోంది. మహబూబ్‌నగర్ ఎమర్జెన్సీలో ట్రాకియాస్టమీ చేసి మెడలో ట్యూబ్ పెట్టారు. నా మాట అక్కడితో అయిపోయింది. తర్వాత హైదరాబాద్‌లో సర్జరీ. కుట్ల దగ్గర ఉమ్మి బయటికి కారింది. ఫిస్టులా అన్నారు, ఓపిక పట్టాలన్నారు. ముక్కులో ట్యూబ్‌తో పాలు, జావ. అది మానాక రేడియేషన్, మెడ చర్మం మాడిపోయింది. చూడటానికొచ్చిన ఒకాయన, విశ్వాసం తగ్గినందుకే ఇలా అయిందన్నాడు. నాకు మాట లేదు కాబట్టి బతికిపోయాడు.

ఇప్పుడు మెడలో రంధ్రంతో ఊపిరి తీసుకుంటున్నాను, స్టోమా అంటారు. దుమ్ము నేరుగా లోపలికి పోతుంది గనుక ఆటో అమ్మేశాను. మెడకు ఆనించి మాట్లాడే మిషన్ ఒకటి ఇచ్చారు. ఈ వేసవిలో గద్వాల క్యాంపుకు పిలిస్తే దాంతో మాట్లాడాను. రోబో మాటలా గరగరమనే ఆ శబ్దానికి పిల్లలు నవ్వారు. వాళ్ల వయసులో నేనైతే ఇంకా గట్టిగా నవ్వేవాణ్ణి. అయినా ఏడుపొచ్చింది.

బిజినేపల్లిలో ఆ సాయంత్రాన్ని ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. షారోను దాన్ని పెట్టుకుని వింటూ ఉంటుంది. గద్వాల నుంచి వచ్చిన రోజు కూడా వింటోంది. నేను పక్కన కూర్చుని మిషన్ మెడకు ఆనించి, "షారోను" అన్నాను. తను తలెత్తలేదు.

"అందరి పేర్లున్నయి నాయినా, నాదొక్కటే లేదు. నీ గొంతుతోటి నా పేరు ఎట్లుంటుండెనో యాదికొస్తలేదు."

మిషన్ ఆపేశాను.

ఇది చదివేవాళ్లలో పాటలు పాడేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, వాక్యం చెప్పేవాళ్లు ఉంటారు. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఎవరి మెప్పూ వినకండి, కషాయంతో సరిపెట్టుకోకండి. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోయి స్కోపు వేసి చూడమనండి. క్యాంపు అయ్యాక పోదాంలే అనకండి.