ఐదు శ్రుతి

రామచంద్రపురంలో హార్మోనియం కామేశం గారు పోయి నెల దాటింది. నలభై ఏళ్లు పద్యనాటకాలకు వాయించారు, ఇంటి అరుగు మీద ఎందరికో నేర్పారు.

ఎక్కువగా వాయించింది నటుడు అప్పాజీకి. ఐదు శ్రుతిలో పద్యం ఎత్తుకుంటాడని అతనికి పేరు. అరవై దాటాక గొంతు అంత పైకి అందలేదు. కామేశం గారు రెండు మూడేళ్లకోసారి శ్రుతి కాస్త దించుతూ, అడిగితే "ఐదేనండి" అనేవారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి అన్నవరంలో నాటకానికి ఆయన జ్వరంతో వెళ్లలేక శిష్యురాలు ఫణిశ్రీని పంపారు.

"శ్రుతి ఎంతండి?"

"ఐదమ్మా. మీ గురువుగారు చెప్పలేదేంటి?"

ఫణిశ్రీ నిజంగానే ఐదు శ్రుతి పెట్టింది. మొదటి పద్యంలోనే అప్పాజీ గొంతు పగిలింది. జనం నవ్వారు.

మర్నాడు అతను నేరుగా కామేశం గారి అరుగు మీదికి వచ్చాడు.

"ఎన్నాళ్ల నుంచండి?"

"ఎనిమిదేళ్లు. చెబితే మానేస్తారని భయపడ్డానండి."

"మానేసేవాణ్ణే. మర్యాదగా మానేసేవాణ్ణి."

అప్పాజీ మళ్లీ రంగు వేసుకోలేదు. కామేశం గారూ ఇంకెవరికీ వాయించలేదు. పాఠాలు మాత్రం చివరిదాకా చెప్పారు. శ్రుతి దించాల్సి వస్తే నటుడికి చెప్పి దించమనేవారు.