సుద్దముక్క

లడ్డూని ఒళ్ళో పెట్టుకుని కృష్ణానగర్‌లో షేర్ ఆటో ఎక్కాను. మా కుక్కకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయనీ, ఈ వయసులో ఆపరేషన్ వద్దనీ డాక్టర్ అప్పుడే చెప్పి పంపాడు. ఇంట్లో అన్నిటికీ గుద్దుకుని గుద్దుకుని, అది మూలలోంచి కదలడమే మానేసింది.

"అడ్డం లేకుండా సోఫా, కుర్చీలు రోజుకో పక్కకి జరుపుతూనే ఉన్నానండీ," అన్నాను పక్కన కూర్చున్నాయనతో. ఆయనది సినిమా సెట్లలో సామాన్లు సర్దే పనట.

ఆయన ముందు లడ్డూకి తన చెయ్యి వాసన చూపించి, ఆ తర్వాతే తల నిమిరాడు.

"జరపకుండ్రి మేడం. దానికి ఇల్లంత యాదికుంటది. మీరు జరిపితే రోజూ కొత్తిల్లే. షూటింగ్‌ల మేం కుర్చీ తీస్తే మళ్ల గాడనే పెట్టాలె. గందుకే కాళ్ల చుట్టూ గీత గీస్తం."

జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టి, ఫిల్మ్‌నగర్‌లో దిగిపోయాడు.

ఇంటికెళ్ళి సోఫా, కుర్చీల కాళ్ళ చుట్టూ గీతలు గీశాను. పది రోజులకి లడ్డూ ఎక్కడా తగలకుండా తన గిన్నె దాకా నడిచింది.

అది పోయి ఏడాదైంది. ఇల్లు తుడిచేటప్పుడు ఆ గీతల దగ్గరికి రాగానే, తడిగుడ్డ పక్కనుంచి పోనిస్తాను.