ఇప్పచెట్ల కింద నల్లచుక్కలు

2022 మార్చిలో నేను టేకులపల్లి అడవి అంచు గూడేల మీద జరుగుతున్న ఒక విశ్వవిద్యాలయ పరిశోధనలో పనిచేస్తున్నాను. ఖమ్మంలో ఒక కిరాయి గది, ఒక కంప్యూటర్. నా పని జీఐఎస్. అంటే ఉపగ్రహం తీసిన బొమ్మల మీద అడవి, పొలం, రోడ్డు, ఇళ్లు గుర్తించి మ్యాపులు గీయడం. పరిశోధన ప్రశ్న వినడానికి చిన్నదే. కొన్నేళ్లుగా ఇక్కడి నేల ఎలా మారింది, ఆ మార్పుతో మనుషుల బతుకు బాగుపడిందా, చెడిందా? నేల సంగతి నాది. మనుషుల తిండీ ఆరోగ్యమూ చూసేది పోషకాహార డాక్టర్ వసంత. మా ఇద్దరి పైన ప్రొఫెసర్ గారు.

నాకొక జబ్బుంది, ముందే చెప్పేస్తాను. బొమ్మలో కనిపించిందే నాకు నిజం. ఎవరైనా "అక్కడికి వెళ్లి చూశావా?" అంటే ఒళ్లు మండుతుంది.

ఒక కోయ గూడెం వెనక అడవిలో ప్రతి మార్చిలోనూ నల్లచుక్కలు కనిపించేవి. ఉపగ్రహ బొమ్మలోని అతి చిన్న గడిని పిక్సెల్ అంటాం. మేం వాడే బొమ్మలో ఒక్కో గడి నేల మీద పది మీటర్లు. ఒక్కో చుక్కా రెండు మూడు గడులుండేది. కాలిన నేల అలాగే కనిపిస్తుంది కాబట్టి, పోడు వ్యవసాయం కోసం అడవి తగలబెడుతున్నారని తేల్చేశాను. "మంటలు" అని పేరు పెట్టి, ఎర్రరంగు వేసి ఇచ్చేశాను. దాని ఆధారంగా ప్రొఫెసర్ గారు ముసాయిదా నివేదికలో ఒక సిఫారసు చేర్చారు. ఆ అడవి ముక్కలోకి ఫిబ్రవరి నుంచి మే దాకా ఎవరినీ పోనివ్వకూడదని. నివేదిక అటవీ శాఖ కమిటీకి వెళ్లడానికి పది రోజులుంది.

ఆ వారమే వసంత పిల్లల బరువులు రాసుకునే తన రిజిస్టరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెది వరంగల్.

"ఈ గూడెం పిల్లలు నాకు సమజైతలేరు సుజాతా. రోడ్డు పక్క గూడెపోళ్లకు దవాఖానా దగ్గర, దుకాణం దగ్గర. అయినా వానాకాలంల వాళ్ల పిల్లలే బరువు తగ్గుతున్నరు. లోపలున్న ఈ గూడెంల కొన్ని ఇండ్ల పిల్లలు అస్సలు తగ్గరు. వాళ్ల పక్కింటి పిల్లలేమో తగ్గుతరు. ఏం తింటున్నరో?"

"అడవి తగలబెట్టి పోడు చేస్తున్నారుగా. చేసుకున్నవాళ్లు తింటారు," అన్నాను.

"నువ్వు పోయి చూసినవా?"

చూడలేదు. బొమ్మ చెప్పేది నిజమో కాదో నేల మీదికి వెళ్లి సరిచూడడాన్ని మా పనిలో గ్రౌండ్ ట్రూతింగ్ అంటారు. ప్రతి గూడేనికీ చేయాలి. దారి బాగాలేదని ఆ ఒక్కటీ ఎగ్గొట్టాను. మండిన ఒంటితోనే మర్నాడు తెల్లవారుజామున వసంతతో జీపెక్కాను.

జీపీఎస్ చేత్తో పట్టుకుని మొదటి చుక్క దగ్గరికి నడిచాం. అక్కడ పోడు లేదు, ఎక్కడా గొడ్డలి గాటు లేదు. ఒక పెద్ద ఇప్పచెట్టు, దాని కింద గుండ్రంగా కాలిన నేల, ఆ నలుపు మీద రాలిన లేతపసుపు పువ్వులు. సోమమ్మ అనే పెద్దామె వంగి వాటిని గంపలోకి ఏరుతోంది. ఆమె మనవళ్లు వసంత చెప్పిన ఆ బరువు తగ్గని పిల్లల్లో ఉన్నారు.

"పెద్దమ్మా, ఇక్కడెందుకు కాల్చారు?" అని అడిగాను.

"ఆకుల వడ్డ పువ్వు యాడ కనవడ్తది బిడ్డా? ఆకు ఊడ్చి కాలుస్తం. తెల్లారేసరికి పువ్వు రాల్తది. నల్లనేల మీద ఒక్కటి గూడ తప్పిపోదు."

"మంట అడవిలోకి పాకితే?"

"సుట్టూత ముందే ఊడుస్తం. ఆరిందాక పచ్చికొమ్మ పట్టుకొని ఈడనే కూసుంట. పాకితే ముందు కాలేది నా చెట్టే గదా."

"సారాకేనా ఇంత పువ్వు?" అనేశాను. నోరు జారింది.

ఆమె నవ్వింది. "మీ ఖమ్మంపోళ్లకు ఇప్పంటే సారానే యాదికొస్తది. ఆషాడంల ఇంట్ల గింజ లేకుంటే ఏం తింటమనుకున్నవ్? ఎండబెట్టి దాస్తం. ఉడకబెట్టి పోరగాండ్లకు పెడ్తం."

వసంత రిజిస్టరు తెరిచింది. ఆ పొద్దంతా సోమమ్మ మమ్మల్ని చుక్క నుంచి చుక్కకు తిప్పింది. ప్రతి చుక్కా ఒక ఇప్పచెట్టు, ప్రతి చెట్టుకూ ఒక ఇల్లు. ఇది నాకు మా అత్త ఇచ్చింది, అది మా మరిది వాళ్లది అంటూ చెప్పుకుపోయింది. కాగితం ఏదీ లేదు, తగాదా కూడా లేదు.

ఒక చెట్టు కింద మాత్రం నేల కాలలేదు. పువ్వులు ఆకుల్లో పడి మురుగుతున్నాయి.

"గది కన్నమ్మ చెట్టు. మొగుడు పిల్లలతోని మిరపకాయ ఏరనీకి పోయింది, మధిర దిక్కు," అంది సోమమ్మ.

"పాడైపోతోంది కదా, మీరు ఏరుకోవచ్చుగా?"

ఆమె నన్ను తేరిపార చూసింది. "ఇయ్యాల నేనేరితే రేపు అది నా చెట్టయితది. ఆమె ఊరిడిసి పోలే. కూలికి పోయింది."

వసంత రిజిస్టరులో వేలు పెట్టి ఆగింది. కన్నమ్మ పిల్లలు వానాకాలంలో బరువు తగ్గే పిల్లలు. ఇద్దరం జీపు పక్కన కూలబడి, నా ల్యాప్‌టాప్‌లో పాత మార్చి బొమ్మలు తెరిచాం. సోమమ్మను అడుగుతూ, ఒక్కో చెట్టునూ రిజిస్టరులోని ఇంటితో సరిచూస్తూ పోయాం. చుక్క ఉంటే ఆ ఇల్లు ఆ మార్చిలో ఊళ్లో ఉంది. చుక్క లేకపోతే కూలికి వెళ్లింది. వెళ్లిన ఇళ్లలో పువ్వు దాచలేదు, పిల్లలు వానాకాలంలో చిక్కిపోయారు. ఒకటి రెండు ఇళ్లు ఈ లెక్కకు పొసగలేదు, మిగతావన్నీ పొసిగాయి. నేను మంటలని రాసింది ఆ ఊరి హాజరుపట్టీ.

మధిర దగ్గర మాకూ మిరపచేను ఉంది. ప్రతి మార్చిలో ట్రాక్టర్ల మీద కూలీలు దిగేవారు. వాళ్లు వెనక ఏం వదిలేసి వచ్చారో మా ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నేనూ అడగలేదు. ఆ పూట చాలా సిగ్గుపడ్డాను.

"ఆ డబ్బాల ఏం రాసుకుంటున్నవ్ బిడ్డా?" అంది సోమమ్మ. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నేను రాసిందీ, దానివల్ల అడవి మూసేయొచ్చన్నదీ చెప్పేశాను.

ఆమె గంప దించింది. "మే దాకా బందు వెడితే ఈ పువ్వు మీరొచ్చి ఏరుతరా?" కోపంగా కాదు, నిజంగానే అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను. "అట్లయితే మేము గూడ మిరపకే పోవాలె. పోరగాండ్లను ఎంట తోల్కొని."

తిరిగొచ్చి ప్రొఫెసర్ గారి ముందు నిలబడ్డాను. తప్పులో కాలేశానని చెప్పడం నాకు కొత్త. ఆయన విని, "మంటైతే మంటే కదమ్మా. ఆకుకు పెట్టిన నిప్పు ఒక్కోసారి అడవినీ తింటుంది," అన్నారు. అదీ నిజమే, ఒప్పుకున్నాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి మూసివేత సిఫారసు తీసేశారు. నిప్పు పాకకుండా చూసే పద్ధతితో పాటు, ఏ చెట్టు ఏ ఇంటిదో రాసి నివేదికకు జత చేయమన్నారు.

రాయడానికి మళ్లీ గూడెం వెళితే సోమమ్మ మమ్మల్ని తన చెట్టు దగ్గర ఆపలేదు. "ముందుగాల కన్నమ్మది రాయి. మేమంటే ఈడ ఉన్నం, ఎవరన్న అడిగితే చెప్పుకుంటం. ఆమె లేదు గదా."

ఆ గూడెం నాకు నేర్పింది ఇదే. పైనుంచి చూస్తే ఏం జరిగిందో కనిపిస్తుంది, ఎందుకు జరిగిందో అక్కడ బతికేవాళ్లు చెప్పాలి. నా బొమ్మా వసంత రిజిస్టరూ విడివిడిగా ఉన్నంత కాలం ఒకటి తప్పుదారి పట్టించింది, రెండోది దారే చూపలేదు.

మరుసటి మార్చి బొమ్మ రాగానే తెరిచాను. సోమమ్మ చెట్టు కింద చుక్క ఉంది. ప్రాణం కుదుటపడింది. కన్నమ్మది ఆ ఏడూ లేదు, సోమమ్మ మరిది వాళ్లదీ లేదు. మునుపైతే మంటలు తగ్గాయని రాసి సంతోషించేదాన్ని. వసంతకు ఫోన్ చేసి, "ఈసారి రెండిళ్లు ఊళ్లో లేవు," అన్నాను.

ఆమె పేర్లు రాసుకుంది. వానలు పడగానే వసంత మొదట తట్టింది ఆ రెండు తలుపులే.