లాల్ బాషా ఇల్లు ఖాళీ చేసిన రోజు

ప్రొద్దుటూరులో మనిషి చచ్చి పదేళ్ళయినా కరెంటు బిల్లు ఆయన పేరు మీదే వస్తుంటుంది. మార్పించే ఓపిక ఎవరికీ ఉండదు. అలాంటి ఊళ్ళో రేకు పెట్టెలు చేసే లాల్ బాషా తన వీలునామాను మూడుసార్లు రాయించాడు.

గుండెకు స్టెంటు వేసిన ఏడాది మొదటిది రాయించాడు. రెండు గదుల ఇల్లు భార్య దిల్షాద్‌బీకి. ఫాయిజా పెళ్ళయ్యాక రెండోది. సగం దిల్షాద్‌బీకి, సగం ఫాయిజాకు. ఫాయిజా వాళ్ళ కడుపున పుట్టిన పిల్ల కాదు. దిల్షాద్‌బీ చెల్లెలు కాన్పులో పోతే నెత్తురుగుడ్డును తెచ్చుకుని పెంచారు. తర్వాత దిల్షాద్‌బీ కూడా పోయింది. నలభయ్యో రోజు ఫాతెహా అయిన మర్నాడే మూడోది రాయించాడు. ఇల్లంతా ఫాయిజాకు.

"ఏంది లాల్ భాయ్, రేషన్ కార్డు కంటే ఎక్కువ తూర్లు మారుస్తాండావే" అని ఎదురింటి ఖాజాబీ ఎకసెక్కాలాడేది.

ఆయన పట్టించుకోలేదు. పెళ్ళికూతుళ్ళకు బీరువాలు పెట్టడం మొదలయ్యాక రేకు పెట్టెలు అడిగేవాళ్ళు లేకుండా పోయారు. దుకాణం మూసేశాక ఆయనకు మిగిలిన పని ఇదొక్కటే, కాగితం బతుకుకు సరిపోయేట్టు చూసుకోవడం.

ఈ వేసవిలో పులివెందులలో తమ్ముడు సిరాజుద్దీన్ చనిపోయాడు. మట్టి ఇచ్చి వచ్చాక తమ్ముడి పెద్దకొడుకు టీ గ్లాసు అందిస్తూ, "బడే అబ్బా, ప్రొద్దుటూరు ఇంటి మీద ఇంకో అంతస్తు లేపచ్చు గదా. పునాది గట్టిదేనా?" అన్నాడు. పిల్లవాడు మామూలుగానే అడిగాడు. లాల్ బాషా మాత్రం తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే వీలునామా పట్టుకుని లాయరు దగ్గరకు పోయాడు. ప్రత్యూష అనే ఆ కుర్ర లాయరు కాగితం రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టింది.

"మామా, ఇది మూడో వంతుకే చెల్లుతుంది. మీ చట్టంలో వీలునామాతో అంతకు మించి ఇయ్యాలంటే వారసులు ఒప్పుకోవాల. మిగతా రెండు వంతులు మీ తమ్ముని కొడుకులకు పోతాయి."

"నేను పెంచిన బిడ్డమ్మా."

"పెంచిన బిడ్డ వారసురాలు కాదు మామా."

మూడుసార్లు రాయించినా ఈ ముక్క చెప్పినవాడు లేడు. రాసేవాళ్ళు అడిగింది రాసిచ్చి పంపారు, అంతే.

"దారి లేదా తల్లీ?"

"ఉంది. బతికుండగానే దానమియ్యాల. హిబా అంటారు గదా మీరు. రిజిస్ట్రేషన్ చేపిద్దాం. కానీ రాసిచ్చి ఊరుకుంటే కాదు, ఇల్లు స్వాధీనం చెయ్యాల. ఆమె మీతోనే ఉండుంటే ఇంత అవసరం లేదు. జమ్మలమడుగులో అత్తగారింట్లో ఉంది గదా. మీరు సామానుతో సహా బయటికి రావాల, ఆమె తాళంచెవి తీసుకుని లోపలికి పోవాల. నలుగురూ చూడాల."

"మళ్ళీ నేను లోపలికి పోవచ్చునా?"

"ఆమె రమ్మంటే పోవచ్చు. కానీ ఆ పైన ఇంటి యజమాని మాదిరి నడుచుకోవద్దు. పన్ను, కరెంటు అన్నీ ఆమె పేరుకు మార్చాల. లేకుంటే రేపు వాళ్ళొచ్చి, 'యాడ ఇచ్చినాడు, ఆడనే ఉన్నాడు గదా' అంటారు."

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు ఆదివారం. ఫాయిజా బస్సు దిగేలోపే లాల్ బాషా సామాను బయట పెట్టడం మొదలుపెట్టాడు. మంచానికి ఖాజాబీ మొగుడు ఒక చెయ్యి వేశాడు. మంచం, ఫ్యాను, గ్యాసు సిలిండరు, గిన్నెలు, దిల్షాద్‌బీ చీరలు పెట్టిన పెట్టె. లోపల ఇంటినిండా ఉన్న సామాను వీధిలో పెడితే పదడుగుల మేర కూడా రాలేదు. ఆటో ఒకటి పక్కగా దూరుతూ ఆగింది.

"ఇల్లు మారుతాండావా మామా? యాడికి?"

"ఈడికే" అన్నాడు లాల్ బాషా.

ఆటోవాడికి అర్థం కాలేదు. ఖాజాబీకి మాత్రం అంతా తెలుసు, అయినా నోరు ఊరుకోలేదు.

"ఇల్లు ఇచ్చేసి రోడ్డు మీద కూకున్న మనిషిని నిన్నే చూస్తాండా లాల్ భాయ్."

"చూడు, బాగా చూడు. సాక్ష్యానికి పనికొస్తాది."

పదిగంటలకు ఫాయిజా వచ్చింది. ఖాజాబీ మొగుడు, మసీదులో అజాన్ ఇచ్చే మౌజను పక్కన నిలబడ్డారు. ప్రత్యూష ఫోనుతో ఫోటోలు తీసింది. "ఇచ్చినా" అంటూ ఆయన తాళంచెవి అందించాడు. ఫాయిజా దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది గానీ, "తీసుకున్నా" అనడం మరిచిపోయింది. లాయరు గుర్తుచేస్తే అంది. తలుపు తీసుకుని ఒక్కతే లోపలికి పోయింది.

లాల్ బాషా ఎండలో నిలబడ్డాడు. తలుపులు బార్లా తెరిచిన ఆ ఇంటిని, తనది కానిదిగా బయటినుంచి చూడటం ఆయనకదే మొదటిసారి. లోపలినుంచి చీపురు చప్పుడు వినిపిస్తోంది. ఎంతసేపు బయట ఉండాలో లాయరు చెప్పలేదు, ఆయన అడగలేదు. పిల్ల మొత్తం ఊడ్చి, ముఖం కడుక్కుని గుమ్మంలోకి వచ్చింది.

"రా అబ్బా, లోపలికి రా."

పోయాడు. సామాను మళ్ళీ లోపలికి చేరింది. ఫాయిజా తనకు తోచినట్టు సర్దింది. సాయంత్రం బయల్దేరుతూ, "నాతో వచ్చెయ్ అబ్బా" అంది.

"మీ అత్తగారింటికా? బాగుండదులే బేటీ. పో, బస్సు పోతాది."

ఆమె వెళ్ళాక చూసుకున్నాడు. మంచం వీధిగదిలో వేసింది, గాలి బాగా వస్తుందని కాబోలు. ముప్పయ్యేళ్ళుగా ఆయన పడుకున్నది వెనకగదిలో, గోడ పక్కన. జరుపుదామని చెయ్యి వేసి, తీసేశాడు. లాయరు మాట గుర్తొచ్చింది. ఫోను తీశాడు.

"బేటీ, మంచం వెనకగదిలో వేసుకోవచ్చునా?"

బస్సు రొదలో ఫాయిజా గట్టిగా అరిచింది. "నన్నడుగుతావేంది అబ్బా? నీ ఇల్లే గదా!"

"అట్లనొద్దు!" ఆయన గొంతు ఎప్పుడూ లేనంతగా లేచింది. "అట్లా అనబాక. నీ ఇల్లు అను. ఎవరడిగినా అదే అను."



"సరే అబ్బా. నా ఇల్లే. వేసుకో."

ఫోను కిటికీలో పెట్టాడు. మంచం పాతకాలపు టేకుది, శానా బరువు. ఒక కొస ఎత్తి జానెడు జరిపి దించాడు. చుట్టూ తిరిగి వచ్చి రెండో కొస ఎత్తాడు. మళ్ళీ ఈ కొసకు వచ్చాడు.