కూడికలో లేని అక్క

నా చిన్నప్పుడు మా గుణదల వీధిలో పెళ్ళికాని ఆడపిల్ల ఊరు దాటి వెళ్ళాలంటే ఎవరో ఒకరిని తోడు పంపేవారు. తోడు వెళ్ళేవాళ్ళకు ఆమెను కాపాడే బలం ఉండాలన్న నియమం ఏమీ లేదు. చూసింది చూసినట్టు ఇంటికొచ్చి చెప్పగలిగితే చాలు. ఆ అర్హతతో చూస్తే మా వీధిలో నా అంత నమ్మకమైన తోడు మరొకరు లేరు. అప్పుడు నేను ఐదో తరగతి. ఎవరేది అడిగినా ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీసేయకుండా చెప్పడం నాకు అప్పటికే అలవాటు. ఆ అలవాటు వల్ల పిల్లల్లో నాకు స్నేహితులు తక్కువగానూ, పెద్దవాళ్ళలో గిరాకీ ఎక్కువగానూ ఉండేది. అలా తొంభైల నడుమ ఒక డిసెంబరు ఉదయం కాలేజీల పరుగు పందేనికి వెళ్తున్న పక్కింటి అక్కకు తోడుగా నేను ఉయ్యూరు వెళ్ళాను.

అక్క విజయవాడలో ఒక మహిళా కళాశాలలో డిగ్రీ చదువుతుండేది. తెల్లవారకముందే లేచి ఏలూరు కాలువ గట్టు వెంట పరుగు తీసేది. ఆమె నాన్నగారిని నేను బాబాయి గారని పిలిచేదాన్ని. కొల్లేటి నుంచి, బందరు నుంచి వచ్చే చేపలను కొని, ఐసు వేసిన పెట్టెల్లో హౌరా రైలుకెత్తించే వ్యాపారం ఆయనది. కూతురంటే ప్రాణమే కానీ ఆ పరుగు మాత్రం ఆయనకు మింగుడుపడేది కాదు. మార్కెట్లో తోటి వ్యాపారులు, "మీ అమ్మాయిని రోజూ పొద్దున్నే ఎవరు తరుముతున్నారయ్యా?" అని నవ్వేవారట. ఆ నవ్వు ఆయనతోపాటు ఇంటిదాకా వచ్చేది.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఆయన అక్కతో చెప్పిన మాట నేను గోడ ఇవతలి నుంచి విన్నాను. "ఈసారి చేతిలో ఏదన్నా పతకం పట్టుకురా. వస్తే నీ పరుగు నీది. లేపోతే ఆ గట్టెమ్మట తిరుగుడు ఆపేసి కంప్యూటర్ కోర్సులో చేరు. మళ్ళీ నన్నడగమాక." అక్క సరేనంది. ఆమె గొంతులో కోపం లేదు. తనకు పతకం రాదని ఆమెకు అప్పటికే తెలుసునన్న సంగతి నాకు మర్నాడు బస్సులో గానీ తెలియలేదు.

కాలేజీ వాళ్ళు ఒక మినీ బస్సు మాట్లాడారు. అందులో జట్టులోని ఆరుగురు అమ్మాయిలు, వాళ్ళకు ఆటలు నేర్పే పీడీ మేడమ్, నేను. నన్ను చూడగానే ఒకమ్మాయి, "నీ బాడీగార్డు కిటికీలోంచి జారిపోద్దేమో, కాస్త పట్టుకోవే," అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. బందరు రోడ్డు మీద మంచు ఇంకా విడలేదు. కంకిపాడు దాటేదాకా డ్రైవరు లైట్లు ఆర్పలేదు.

దారిలో నేను అక్కను పోటీ నియమాలు అడిగాను. నియమం తెలియకుండా ఏ ఆటనూ చూడలేని బుద్ధి నాది. ప్రతి జట్టు నుంచి ఆరుగురు పరుగెత్తుతారు. అందరికంటే ముందు వచ్చినవాళ్ళది ఒకటో స్థానం, తర్వాతివాళ్ళది రెండు, అలా చివరిదాకా. ఆ తర్వాత ప్రతి జట్టులోనూ ముందుగా చేరిన నలుగురి స్థానాలను కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే కప్పు వాళ్ళది. గెలిచిన జట్టులో కూడికకు ఎక్కిన నలుగురికీ పతకాలు. మిగిలిన ఇద్దరికీ ఏమీ ఉండదు.

"నువ్వు ఆ నలుగురిలో ఉంటావా?" అని అడిగాను.

"ఉండను. నేను ఐదోదాన్ని. వాళ్ళు నలుగురూ నాకంటే బాగా ముందు."

"మరెందుకక్కా పరుగెత్తడం?"

అక్క బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకుంటూ, "నువ్వు చూడ్డానికేగా వస్తున్నావు. చూడు," అంది.

ఉయ్యూరులో దిగేసరికి చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన ముక్కుకు తగిలింది. అది చెరకు నరికే కాలం. పరుగు దారిని కాలువ గట్టు మీదుగా తీసి, ఒక తూము దాటించి, చెరకు తోటల మధ్య బండ్ల బాటలో తిప్పి, మళ్ళీ మైదానానికి చేర్చారు. దారి పొడవునా సున్నం గీతలు, రంగు జెండాలు. చెరకు మనిషిని మించి పెరిగి ఉండడం వల్ల, పోటీ మొదలైన కాసేపటికి పరుగెత్తేవాళ్ళు మన కంటికి కనపడరు. మైదానానికి దగ్గర చివరి మలుపులోనూ, దారి మధ్యలో ఒకచోటా మాత్రం తోట నరికేసి ఉంది. ఆ మధ్య చోట గెనెం గట్టు మీద నిలబడితే సగం దారిలో ఒకసారి వాళ్ళను చూడవచ్చు. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళి నిలబడ్డారు.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక జట్టు ఆకుపచ్చ బనీన్లు వేసుకుంది. కప్పు వాళ్ళదేనని అందరూ ముందే అనుకుంటున్నారు. ఆ మాట నిజమేననిపించేలా, నరికిన చేలోకి మొదట వచ్చిన ఇద్దరూ ఆకుపచ్చవాళ్ళే. వాళ్ళ వెనక చాలా దూరం ఎవరూ లేరు. చెరకు నరికే మనుషులు కత్తులు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. తర్వాత మా కాలేజీ అమ్మాయిలు నలుగురూ ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో ఇతర కాలేజీలవాళ్ళతో కలిసి వెళ్ళిపోయారు. మేడమ్ వాళ్ళెవరితోనూ మాట్లాడలేదు. తల ఊపి ఊరుకున్నారు. ఇంకొంత సేపటికి పక్కపక్కనే పరుగెత్తుతున్న ఇద్దరు ఆకుపచ్చ అమ్మాయిలు కనిపించారు. వాళ్ళకు రెండు బారల వెనక అక్క. ముఖం ఎర్రబడి, నోరు తెరుచుకుని, ఊపిరి కోసం పెనుగులాడుతోంది. అప్పటిదాకా మౌనంగా ఉన్న మేడమ్ ఒక్కసారిగా గొంతెత్తి, "ఆ ఇద్దరినీ వదలొద్దమ్మా, ఆ ఇద్దరినీ," అని అరిచారు.

నాకు అర్థం కాలేదు. ముందున్న నలుగురికీ ఒక్క మాట చెప్పని మనిషి, కూడికలో లేని ఐదో అమ్మాయి కోసం గొంతు చించుకోవడం ఏమిటి? నేను ఆమెను అడుగుదామనుకునేలోగా ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని అడ్డదారిన మైదానం వైపు పరుగు లంకించుకున్నారు. నేనూ ఆమె వెంటే పరుగెత్తాను.

చివరి మలుపు దగ్గర బండి చక్రాలు తొక్కిన గాడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. గాడి పక్కన గట్టి నేల ఇద్దరికి సరిపోయేంతే ఉంది. ఆ ఇద్దరు ఆకుపచ్చ అమ్మాయిలూ దాన్ని ఆక్రమించుకుని వస్తున్నారు. వాళ్ళను దాటాలంటే మిగిలిన దారి నరికిన చెరకు మోళ్ళ మీదుగానే. అక్క బాట వదిలి మోళ్ళలోకి దిగింది. అక్కడ ఎవరైనా నడవడానికే జంకుతారు. ఆమె అడుగులు పొట్టివయ్యాయి, మోకాళ్ళు పైకి లేచాయి. ఒకసారి తూలింది కానీ పడలేదు. మళ్ళీ బాట మీదికి ఎక్కేసరికి ఆ ఇద్దరూ ఆమె వెనక ఉన్నారు. అలాగే ముగింపు గీత దాటింది. గీత దగ్గర కూర్చున్నాయన ఆమె చేతికి పదిహేడో నంబరు చీటీ ఇచ్చారు. వెనక వచ్చిన ఇద్దరికీ పద్దెనిమిది, పంతొమ్మిది.

ఫలితం చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆకుపచ్చ జట్టు స్థానాలు ఒకటి, రెండు, పద్దెనిమిది, పంతొమ్మిది. మొత్తం నలభై. మా జట్టువి ఐదు, ఎనిమిది, పదకొండు, పదిహేను. మొత్తం ముప్పై తొమ్మిది. కప్పు మా కాలేజీకి వచ్చింది. నలుగురు అమ్మాయిలు మెడలో పతకాలతో ఫోటో దిగారు. అక్క కాలువ మెట్ల మీద కూర్చుని, పిక్కల మీద గీసుకుపోయిన చోట నీళ్ళు చల్లుకుంటోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. బాబాయి గారు నన్ను అడుగుతారని నాకు తెలుసు. నేనేం చెప్పాలో కూడా తెలుసు. పదిహేడో స్థానం, పతకం లేదు. అది నిజం. ఆ నిజంతో రేపటి నుంచి అక్క గట్టు మీదికి వెళ్ళదు. నిజం చెప్పడానికి దిగులుపడడం నా జీవితంలో అదే మొదటిసారి.

తిరుగు ప్రయాణంలో చెరకు నరికేవాళ్ళు ఇచ్చిన ముక్కలు అందరూ నములుతున్నారు. అక్క తన వంతు ముక్కలను సీటు మీద వరుసగా పేర్చింది. ఒక్కోదాన్ని చూపిస్తూ, ఇది పదిహేను, మా నాలుగో అమ్మాయి. ఇది పదహారు, ఎవరో. ఇది పదిహేడు, నేను. ఈ రెండూ ఆ ఆకుపచ్చవాళ్ళు, అని చెప్పింది.

"ఇప్పుడు నన్ను తీసెయ్," అంది.

పదిహేడో ముక్కను తీశాను.

"ఖాళీ ఉంచుతావేం? పరుగులో ఖాళీలుండవు. జరుపు."

వెనక ఉన్న రెండు ముక్కలనూ ముందుకు జరిపాను. పద్దెనిమిది పదిహేడయింది, పంతొమ్మిది పద్దెనిమిదయింది. ఒకటి, రెండు, పదిహేడు, పద్దెనిమిది. మనసులోనే కూడి చూశాను. ముప్పై ఎనిమిది. మాకంటే ఒకటి తక్కువ. కప్పు గుంటూరు వైపు వెళ్ళిపోయింది. తీసిన పదిహేడో ముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. మేడమ్ ఎందుకరిచారో, అక్క మోళ్ళలోకి ఎందుకు దిగిందో అప్పుడు అర్థమైంది.

"మరి మీ నాన్నగారికి ఇది చెప్పొచ్చుగా?" అన్నాను.

"నేను చెబితే సాకు అంటారే," అని అక్క కళ్ళు మూసుకుంది. "ఆ ముక్క తినెయ్, ఎండిపోద్ది."

ఆ సాయంత్రం బాబాయి గారు మార్కెట్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూతురినేమీ అడగకుండా నన్ను పిలిపించారు. "ఏం పెద్దమ్మా, తోడెళ్ళొచ్చావుగా. ఎన్నో నంబరు వచ్చింది?"

"పదిహేడండీ బాబాయి గారూ."

"పతకం?"

"ఇవ్వలేదండీ."

ఆయన అక్క వైపు చూశారు. ఇక మాట అయిపోయినట్టే తువ్వాలు భుజాన వేసుకుని లేవబోయారు. నేను మాత్రం అక్కడితో ఆపలేదు. అడిగినదానికే జవాబు చెప్పే నేను, అడగనిది చెప్పడం అదే మొదలు. అక్క వాళ్ళమ్మ, పిన్ని గారు, వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. నేను నాలుగు స్థానాలూ, రెండు కూడికలూ, అక్కను తీసేస్తే ఏమవుతుందో మొత్తం చెప్పాను. ఆయన మధ్యలో ఆపి, మళ్ళీ చెప్పించుకున్నారు. వ్యాపారి కాబట్టి అంకెలు ఆయనను తికమక పెట్టలేదు.

"అంటే దీని నంబరు కూడికలో లేదు."

"లేదండీ."

"ఇది లేపోతే?"

"కప్పు వాళ్ళకు పోయేదండీ."

ఆయన మళ్ళీ కూర్చున్నారు. గుమ్మం వైపు చూస్తూ, తనలో తనే అనుకుంటున్నట్టు అన్నారు. "ఐసుని ఎవడూ కాటా మీద పెట్టడు. దానికి ఎవడూ రేటు కట్టడు. అది లేకుండా పెట్టె పంపి చూడు, హౌరాలో మూత కూడా తియ్యనివ్వరు." తర్వాత పిన్ని గారి వైపు తిరిగి, "ఏమే, రేపట్నుంచి దీనికి పొద్దున్నే రెండు గుడ్లు ఉడకెయ్యి. టీ నీళ్ళు తాగి ఏం పరిగెత్తిద్ది," అన్నారు.

"మరి కంప్యూటర్ కోర్సో?" అన్నారు పిన్ని గారు.

"సాయంత్రం చేరుద్దిలే. గట్టుకెళ్ళేది పొద్దునేగా."

అక్క లోపలికి వెళ్ళి బూట్లకు అంటిన మట్టిని పుల్లతో గోకడం మొదలుపెట్టింది.

అక్క ఆ తర్వాత రెండేళ్ళు పరుగెత్తింది. ఒక్కసారీ ఆ నలుగురిలోకి రాలేదు. గుడ్లు మాత్రం ఆగలేదు. బస్సులో ఆ చెరకు ముక్కల పాఠం నాకు నేర్పడానికే చెప్పిందో, నా నోటితో వాళ్ళ నాన్నకు చెప్పించడానికే చెప్పిందో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. నా పెళ్ళిలో అడిగితే నవ్వి, "రెండూ కాదే. నువ్వు ఏడుపు మొహం పెట్టుకుని కూర్చున్నావు, చూడలేకపోయా," అంది. అదీ నిజమే అయి ఉండవచ్చు.

చూసింది చూసినట్టు చెప్పడం గొప్పని నమ్మిన పిల్లను నేను. పదిహేడో స్థానం, పతకం లేదు అన్న మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. అయినా ఆ రోజు జరిగింది అందులో లేదు. తర్వాత ఇంజనీరింగు చదివి, కొలతల మధ్యనే బతుకుతున్నదాన్ని కాబట్టి నాకు ఈ సంగతి పదేపదే ఎదురవుతూ ఉంటుంది. కొలిచినది తప్పు కాకపోయినా, కొలవనిదాని మీద అది నిలబడి ఉండవచ్చు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. నా కింద పనిచేసేవాళ్ళ పనితీరు మీద నివేదికలు నా బల్ల మీదికి వస్తాయి. ఎవరు ఎంత పూర్తిచేశారో అంకెలు చక్కగా ఉంటాయి. అందరికంటే తక్కువ అంకె ఉన్న పేరు దగ్గర నేను ఆగుతాను. నివేదిక తెచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి, ఈయన సెలవు పెట్టిన రోజున మిగతావాళ్ళ పని ఎలా సాగిందని అడుగుతాను. జవాబు వెంటనే రాదు. చేతిలో కాగితం దించి, కాసేపు ఆలోచిస్తారు. ఆ కాసేపు కోసమే అడుగుతాను.