టైపు మిషను గంట మోగాక

మా కాకినాడ ఆఫీసులో లిఫ్టు తలుపు తెరుచుకునే ముందు టింగుమంటుంది. ఆ చప్పుడుకి ఇప్పటికీ ఓ క్షణం ఆగిపోతాను. తొంభైల్లో తునిలో నేను టైపు నేర్చుకున్న మిషను గంట అచ్చం అలాగే మోగేది. లైను అయిపోవస్తోందని హెచ్చరిక. ఇంగ్లీషు మాట అందులో పట్టకపోతే సరైన చోట విరిచి, చిన్న గీత పెట్టి, ఎడమచేత్తో మిషను మీట కుడివైపుకి తోసి, మిగతాది కింద లైనులో కొట్టాలి. ఎక్కడపడితే అక్కడ విరిచి నేనొకసారి పరీక్ష తప్పాను. "ఈసారీ పోతే ఇంక ఆ మిషను జోలికెళ్ళకు," అన్నారు నాన్న.

నేర్పింది సుశీల టీచరుగారు. ఒకరోజు నేను 'డెవలప్‌మెంట్' కొడుతూ చివరి 'టి' ఒక్కదాన్నీ కింద లైనులో పడేశాను. "పాపం, ఆ టి ఒక్కత్తీ అక్కడేం చేస్తుందమ్మా?" అన్నారు. గడ్డం కింద అరచెయ్యి ఆనించుకుని, మాట పలుకుతూ దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని ముక్కలని చూపించారు. నేను "డి... వెల్..." అని ఆగిపోయాను. మిగతాది ఆవిడ చెప్పలేదు. పక్కవాళ్ళనీ చెప్పనివ్వలేదు. "దాని నోట్లోంచే రావాలండి," అన్నారు. అంతమంది ముందు నోరు తెరుచుకుని కూర్చున్నందుకు ఆవిడంటే ఒళ్ళు మండింది. రెండోసారి పరీక్షలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే, "పన్ను నొప్పా అమ్మా?" అని అడిగారు అక్కడి కాపలా మేష్టారు. ప్యాసయ్యాను. ఆ కాగితంతోనే ఈ ఉద్యోగం వచ్చింది.

కొన్నేళ్ళకి టీచరుగారికి పక్షవాతం వచ్చిందని విని తుని వెళ్ళాను. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. కళ్ళు మాత్రం నన్ను గుర్తుపట్టాయి. "శారద అను అక్కా, శారద," అంటోంది వాళ్ళ చెల్లెలు.

"మీరు చెప్పకండి," అన్నాను. కటువుగానే అన్నాననుకుంటాను.

టీచరుగారు ఎడమచెయ్యి ఎత్తి గడ్డం కింద పెట్టుకున్నారు. "శా." చాలాసేపటికి, "ర." ఆ తర్వాత ఏమీ లేదు. చివరి ముక్క నా నాలుక మీదే ఉంది. అందించేద్దామని ఎంతగా అనిపించిందో! గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. దవడ మూడోసారి దిగింది.

"ద."

చెల్లెలు ఏడ్చేసింది. టీచరుగారు మాత్రం ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి మెల్లగా కుడివైపుకి తోశారు, మిషను మీద కొత్త లైనుకి జరిపినట్టు.

ఇప్పుడు నా కౌంటరు దగ్గర ఎవరైనా ఫారంలో ఇంగ్లీషు మాట దగ్గర తడబడితే నేను అందించను. వెనక లైనులో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ మాట పూర్తిగా బయటికి వచ్చాక, బల్ల మీద నా ఎడమచెయ్యి తనంతట తనే కుడివైపు జరుగుతుంది.